నూకరాజు బాబాయి చెవి, వంద కాయల చదరం

1978 వేసవి. నాన్న మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున కూర్చోవడంతో అంబాజీపేటలో మా కొబ్బరికాయల కొట్టు నా చేతికొచ్చింది. నేను అమలాపురంలో బీయస్సీ లెక్కలు చదివినవాణ్ణి. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

ఈ వ్యాపారం తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ఒలిచిన కాయ లోపల మంచిదో కుళ్ళిందో పైకి చూస్తే తెలియదు. లారీకి లోడు వేసే ముందు ఒక్కో కాయనూ కత్తి వెనక భాగంతో కొట్టి, మోత విని, మంచివి ఒక రాశిగా, అనుమానమున్నవి ఇంకో రాశిగా వేస్తారు. దీన్ని గ్రేడింగు అంటాం. ఆ రెండోది రిజెక్టు రాశి. మా కొట్లో ముప్పై ఏళ్ళుగా ఈ పని నూకరాజు బాబాయిది. చుట్టం కాదు గాని, చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పినవాడు.

ఇంట్లో చట్నీకి కాయ కావాలంటే నేను రిజెక్టు రాశిలోంచే తీసుకెళ్ళేవాణ్ణి. పిసినారితనం అనుకోండి, పొదుపనుకోండి. ఒక వారం వరసగా నాలుగు కాయలు కొడితే మూడు తెల్లగా, తియ్యగా ఉన్నాయి.

"ఇంత మంచి కాయలు తీసి పారేస్తున్నారేంటండీ?" అంది మా ఆవిడ సత్యవతి.

నాకు చురుక్కుమంది. మర్నాడు ఆ రాశిలోంచి ఇరవై కాయలు పగలగొట్టాను. తొమ్మిది నిక్షేపంలా ఉన్నాయి. దాదాపు సగం తప్పు! బొమ్మా బొరుసూ వేసినా ఇంతే కదా అని తేల్చేసి బాబాయిని పిలిచాను.

"నీకు చెవి తగ్గింది బాబాయ్. రేపట్నించి కత్తి ఇంకొకళ్ళకిచ్చేసి, నీడపట్టున సంచులు కుట్టుకో."

ఆయన తాంబూలం నమలడం ఆపేశాడు. కాయ విషయంలో తగువొస్తే 'నూకరాజుని పిలవండి' అని బజారంతా అనే మనిషి. ఆయనకున్న ఆస్తల్లా ఆ చెవే. "ఆయ్, అలాగేనండి అబ్బాయిగారూ" అని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"తవరు నేను తీసేసినవే పగలగొట్టేరండి. నేను ఉంచినవి పగలగొట్టేరా అండీ?"

లేదు. అవి లారీ ఎక్కి వెళ్ళిపోతాయి. ఎవడు చూశాడు?

"అయితే వంద కాయలు తెప్పించండి. అన్నీ కొడతాను, అన్నీ పగలగొడదాం. అప్పటికీ నా చెవి పోయిందంటే సంచులే కుడతానండి."

కాదనలేకపోయాను. చేతికందిన వంద కాయలు తెప్పించాను. బాబాయి ఒక్కోటీ కొట్టి, అనుమానం తోచినదానికల్లా తన సున్నపు డబ్బీలోంచి ఒక బొట్టు పెట్టాడు. తర్వాత మొదలైంది చూడండి పగలగొట్టడం! హమాలీలు పనులు మానేసి చుట్టూ చేరారు. కొబ్బరినీళ్ళు చెంబులకు పట్టుకుని కడుపునిండా తాగారు. సత్యవతి వచ్చి, "ఓరి దేవుడో, ఇన్ని చిప్పలు నేనేం చేసుకోనండీ?" అని నెత్తి కొట్టుకుంది.

ఏ కాయ చిప్పలు ఆ కాయకే జతగా ఉంచి, నేలమీద పదేసి చొప్పున పది వరసలు చదరంగా పేర్చాను. కుళ్ళినవి పది తేలాయి. వాటిని ఎడమ పక్క నిలువు వరసలో పెట్టాను. మంచివి తొంభై, కుడిపక్కంతా. వాటిలో సున్నం బొట్టున్నవాటిని అడుగు వరసలోకి జరిపాను. లేచి నిలబడి చూశాను.

కుళ్ళిన పదింట్లో తొమ్మిదింటికి బొట్టుంది. మంచి తొంభైలో బొట్టున్నవి ఎనిమిదే, చీరకి సన్నటి అంచులా. కాకపోతే మంచి కాయల భాగం అంత వెడల్పు కాబట్టి, ఆ సన్నటి అంచే దాదాపు కుళ్ళిన వరసంత పొడుగొచ్చింది. రిజెక్టు రాశిలో నేను పగలగొట్టి చూసింది ఈ రెండు వరసల్లోని బొట్టు కాయల్లాంటివే. వాటిలో దాదాపు సగం మంచివి కాక ఇంకేమవుతాయి! నిజంగా బొమ్మా బొరుసే వేసి ఉంటే నలభై అయిదు మంచి కాయలకి బొట్లు పడేవి.

బొట్టున్నవాటిలో కుళ్ళినవెన్ని అన్నది ఒక ప్రశ్న. కుళ్ళినవాటిలో బొట్టున్నవెన్ని అన్నది వేరే ప్రశ్న. కాయలు అవే, లెక్కపెట్టే ముందు వేటి చుట్టూ కంచె కట్టుకున్నామన్నదే వేరు. కాలేజీలో దీన్ని కండిషనల్ ప్రాబబిలిటీ అన్నారు, ఒక సంగతి తెలిశాక ఇంకోదానికి ఉండే అవకాశం. సూత్రం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను గాని, దాని రూపం చూసింది మా కొట్టు నేలమీదే. ఎంత సంతోషమేసిందంటే పైకే నవ్వేశాను.

"అనుమానమొస్తే తీసేస్తానండి" అన్నాడు బాబాయి. "మంచిది పోతే మన చట్నీలోకి పోద్ది. కుళ్ళింది లారీ ఎక్కితే నాన్నగారి పేరు పోద్ది కదండీ."

"తప్పయిపోయింది బాబాయ్" అని కత్తి రెండు చేతులతో ఇచ్చాను. సాయంత్రానికి సత్యవతి చేసిన కొబ్బరి లౌజు బజారంతా పంచాం.

అప్పట్నించీ ఒక మనిషి తప్పులన్నీ కుప్పపోసి ఎవరైనా నా ముందు పెడితే, ముందు మొత్తం చదరం పరవమంటాను. లెక్కలు చదివిన నాకు ఆ పాఠం చెప్పింది బడి మెట్టెక్కని మనిషి.

ఆ సాయంత్రం లౌజు తింటూ, "నా బుర్ర కూడా ఓసారి కొట్టి చూడు బాబాయ్" అని తల వంచాను. ఆయన వేలి మెటికతో టక్కున కొట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"మంచిదేనండి. లోడు వేసేయొచ్చు."

హమాలీలు గొల్లుమన్నారు. నేను తలెత్తేలోగా ఆయన సున్నపు డబ్బీ తీసి, నా నుదుటిమీద చిన్న బొట్టు పెట్టాడు.

"ఎందుకైనా మంచిదండి."