పేరు పిలిస్తే పలికిన గొంతు

ఎనభైల మొదట్లో నేను మద్రాసు హైకోర్టులో చిన్న వకీలుని. కావేరిపట్టణం దగ్గర మూతపడిన మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఒకటి పెద్ద కంపెనీలో కలవబోతోంది. ముందుగా వాటాదార్లనూ, బాకీ రావలసినవాళ్లనూ విడివిడిగా సమావేశపరచి సమ్మతి అడగమని కోర్టు ఆదేశించింది. బాకీ రావలసినవాళ్లలో ఎక్కువమంది కాయలు తోలిన తెలుగు రైతులు. నాకు తెలుగు వచ్చు గనుక వాళ్ల సమావేశానికి నన్ను అధ్యక్షుడిగా వేసింది.

కృష్ణగిరిలో కల్యాణమండపం అద్దెకు తీసుకున్నాం. నిన్నటి పెళ్లి పూలు స్తంభాలకు ఇంకా వేలాడుతున్నాయి. నేను వరుసగా పేర్లు పిలుస్తున్నాను. ఒక పేరుకు వెనకనుంచి, "ఈడ ఉండానప్పా!" అని గట్టిగా జవాబు వచ్చింది.

ఆడవాళ్ల వైపు ఒకామె దిగ్గున లేచింది. "యాడ? యాడ ఉండాడు?" అంటూ మండపమంతా వెతికింది. పక్కవాళ్లు చెయ్యి పట్టి లాగినా కూర్చోలేదు.

పలికినవాడు మెల్లగా లేచాడు. "నేను వదినా," అని తల దించుకున్నాడు. తర్వాత నాతో అన్నాడు: "ఆ పేరు మా అన్నదప్పా. పోయిన నెల పాము కరిచి చచ్చిపోయినాడు. ఎవురూ పలక్కపోతే బాకీ కొట్టేస్తారని బయపడి పలికినాను. మా ఇద్దరిదీ ఒకటే గొంతు."

"బాకీ ఎక్కడికీ పోదమ్మా, ఆయన వారసురాలిగా మీకే వస్తుంది," అని ఆమెకు చెప్పాను.

ఆమె నా మాట వినలేదు. మరిది వైపే చూస్తూ, "ఇంకోసారి పలకప్పా," అంది. అతను తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు పిలువు సామీ. పిలిస్తే పలుకుతాడు."

జాబితాలోని ఆ పేరే మళ్లీ పిలిచాను. వెనకనుంచి మెల్లగా, "ఉండాను" అని వినిపించింది. ఆమె కళ్లు మూసుకుని విని, కూర్చుంది. నేను జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లాను.

తర్వాత ఓట్లు పడ్డాయి. దాదాపు అందరూ సరే అన్నారు. నా నివేదిక చూసి కోర్టు ఆమోదించింది. మరుసటి మామిడి కాలానికి ఫ్యాక్టరీ నడిచింది, రైతులకు బాకీలో కొంత అందింది. ఆమెకూ అందింది.

కొన్నేళ్లకు కృష్ణగిరి బస్టాండులో ఆ మరిది నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. వదిన ఎలా ఉందని అడిగాను.

"బాగానే ఉండాదప్పా. కానీ నేను మాట్లాడితే చాలు, చేసే పని ఆపి వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. అందుకే ఇంట్లో మాట్లాడేది మానేసినాను. పిల్లోళ్లకు కూడా చేత్తోనే చూపిస్తాను."

ఆ తర్వాత వానల గురించి, పశువుల గురించి ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. నా హోసూరు బస్సు వచ్చి వెళ్లిపోయింది. ఆపమనడానికి నాకు నోరు రాలేదు.