జంబు మీద పోర్చుగల్

నేను సముద్రంలో మునిగిపోయిన కథ చెబుతానని మీరు అనుకుంటే పొరపాటే. సముద్రంలో మునగాలంటే ముందు సముద్రం దాకా పోవాలి కదా! నేను అంత దూరం పోకుండానే లింగాల ఘనపూర్ పక్కన మా సొంత పొలంలో, పిక్కల లోతు నీళ్లలో, ఊరంతా చూస్తుండగా నిండా మునిగాను. ఒక్కణ్ణే మునిగితే ఇంత చెప్పుకునేది కాదు. నాతోపాటు ఒక హెడ్ కానిస్టేబుల్‌ను కూడా ముంచాను. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం పర్వాలేదు. సిగ్గుపడే వయసు ఎప్పుడో దాటిపోయింది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. హైదరాబాద్‌లో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా కంపెనీకి పని ఇచ్చేది పోర్చుగల్ దేశం వాళ్లు. వాళ్ల తరఫున మాతో రోజూ ఫోన్లో మాట్లాడేవాడి పేరు పావ్లో. మంచి మనిషి. ఆ దేశంలో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు అతనిది. పని గురించి రెండు మాటలు మాట్లాడితే సముద్రం గురించి ఇరవై మాట్లాడేవాడు. అలల మీద పలకేసుకుని, దాని మీద నిలబడి జారే సర్ఫింగ్ ఆట అంటే అతనికి ప్రాణం.

ఒకరోజు అన్నాడు: "సెప్టెంబర్లో మీ జట్టులోంచి ఒకరిని ఇక్కడికి పిలుస్తున్నాం. వారమంతా పని, సెలవు రోజుల్లో మా ఊరు. మీలో సర్ఫింగ్ వచ్చినవాళ్లుంటే వాళ్లనే పిలుద్దామని నా ఆశ. రవీందర్, నీకు వచ్చా?"

రాదు అనడానికి ఎంత సేపు పడుతుంది చెప్పండి? రెండే అక్షరాలు. నా నోటికి ఆ రెండూ దొరకలేదు.

"చిన్నప్పటి నుంచీ" అన్నాను.

"అవునా! మీ ఊరు సముద్రం పక్కనేనా?"

"పక్కనే."

నేను అప్పటికి చూసిన అతి పెద్ద నీళ్లు కాళేశ్వరం దగ్గర గోదావరి. అదీ పుష్కరాల్లో, బాపు, అంటే మా నాన్న, చెయ్యి గట్టిగా పట్టుకుని, ముక్కు మూసుకుని చూశాను. అల లేదు, పలక లేదు, ఆటగాడి పేరు రవీందరు.

"అయితే నువ్వే రా. పలక మీద నిలబడ్డ ఫొటో ఒకటి పంపు, మా ఊళ్లో అందరికీ చూపిస్తాను" అని పావ్లో ఫోన్ పెట్టేశాడు.

పక్క బల్ల దగ్గర కూర్చునేవాడు నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. ఫొటో పోకపోతే ఆ ప్రయాణం వాడిదే అవుతుందని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. మా ఇంటా వంటా విమానం ఎక్కినవాళ్లు లేరు. నాకు ఆ ప్రయాణం కావాలి. కావాలంటే కావాలి, అంతే. వెంటనే పాస్‌పోర్టుకు పెట్టుకున్నాను.

ఈలోపు వరసగా బంద్‌లు మొదలై ఆఫీసు మూతపడింది. నేను ఊరికి చేరాను. జనగామలో సగం షట్టర్ దించి నడిపిస్తున్న నెట్ సెంటర్లో కూర్చుని, నా దోస్తు సదానందంతో కలిసి సర్ఫింగ్ వీడియోలు చూశాను. సదానందం ఒక పత్రికకు మా మండల విలేకరి. వాడు ఒక వీడియోను తన ఫోన్లోకి ఎక్కించుకుని, "గింత పెద్ద పలక మనకేడ దొరుకుతదిరా?" అన్నాడు.

దొరికింది. మరునాడు పొద్దున పొలం దగ్గరికి పోతే బాపు జంబు కొడుతున్నాడు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, వరి నాటుకు ముందు బురద మడిని చదును చేయడానికి ఎద్దులకు కట్టి లాగించే వెడల్పాటి చెక్కను మా దగ్గర జంబు అంటారు. బరువు కోసం దాని మీద మనిషి నిలబడతాడు. చుట్టూ నీళ్లు, కింద పలక, పైన మనిషి. బాపు పంచె ఎగగట్టి, పగ్గాలు ఒంటిచేత్తో పట్టుకుని, రెండో చేత్తో బీడీ తాగుతూ జారిపోతున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. మా ఇంట్లో తరతరాలుగా సర్ఫింగ్ ఉంది!

"బాపూ, జర నన్ను ఎక్కనియ్యవా?"

బాపు ఎద్దులను ఆపి నన్ను కిందికీ మీదికీ చూశాడు. పొలం పనంటే కడుపునొప్పి వచ్చే కొడుకును నేను.

"ఏమైందిరా? పాణం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. గిది నేర్చుకోవాలె. పోర్చుగల్ పోయేదున్నది."

"గక్కడ జంబు కొట్టే కొలువా?"

"కొలువు కాదు బాపూ, ఆట. సముద్రం మీద చెక్కేసుకొని నిలవడుడు."

"ఎడ్లు సముద్రంల దిగుతయా?"

"ఎడ్లుండయి. నీళ్లే గుంజుతయి."

నమ్మకం కుదరక బాపు తల గోక్కున్నాడు. సదానందం ఫోన్లో వీడియో చూపించాడు. తాటిచెట్టంత అల లేచి విరగడం బాపు చాలా శ్రద్ధగా చూశాడు.

"నీళ్లు గింత ఎత్తుపల్లాలుంటే నాటెట్ల పడ్తది? ఎవ్వలు చదును చేస్తలేరా?"

"గక్కడ నాటు పెట్టరు బాపూ."

"నాటు పెట్టనోళ్లకు జంబెందుకురా?"

జవాబు చెప్పే బదులు జంబు ఎక్కేశాను.

ఇక నా సాధన మొదలైంది. ఎద్దులు రెండడుగులు వేస్తే నేను ఒక్కసారి పడ్డాను. ముందుకు పడ్డాను, వెనక్కి పడ్డాను, పక్కన నిలబడ్డ సదానందం మీద పడ్డాను. ఆడలేనివాడు మద్దెల ఓడన్నట్టు నేను ఆ జతలో నల్లటిదాన్ని, మా కర్రెద్దును, తిట్టడం మొదలుపెట్టాను. బాపుకు కోపం వచ్చింది.

"నన్ను తిట్టు, పడ్త. ఎద్దునంటే మాత్రం ఊకోను."

చివరికి ఎద్దులను కదలకుండా నిలబెట్టి, జంబు మీద నన్ను ఎక్కించి, కదులుతున్నట్టు ఫొటో తీద్దామని సదానందం ఉపాయం చెప్పాడు. అమ్మ అన్నం మూటగట్టి పంపిన తువ్వాల తలకు చుట్టుకున్నాను. మోకాళ్లు వంచి చేతులు చాచాను.

"ఎద్దుల తోకలు పడకుండ తియ్యిరా" అన్నాను.

"నువ్వు పరేషాన్ కాకు. ఒక చెయ్యి మీదికి లేపు. పిడికిలి బిగించు. జర జోష్ రావాలె. నోరు గూడ తెరువు!"

వాడు ఇంత పట్టుదలగా తీస్తున్నాడంటే నా పోర్చుగల్ ప్రయాణం మీద ఎంత ప్రేమో అనుకున్నాను. అసలు సంగతి వేరు. ఉద్యమం రోజుల్లో ప్రతి విలేకరికీ రోజుకో వినూత్న నిరసన కావాలి. ఒంటికాలి మీద నిలబడ్డవాళ్లు, రోడ్డు మీద బట్టలు ఇస్త్రీ చేసినవాళ్లు, బర్రెకు వినతిపత్రం ఇచ్చినవాళ్లు, నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వండుకుతిన్నవాళ్లు, అందరూ మా మండలంలో అయిపోయారు. మావాడు కరువులో ఉన్నాడు. తోకలు లేకుండా ఒక ఫొటో తీసి నాకిచ్చాడు. కొమ్ములు, తోకలు, బాపుతో సహా ఇంకొకటి తీసి పేపర్‌కు పంపాడు.

నా ఫొటో ఆ సాయంత్రమే పావ్లోకు పంపాను. "అద్భుతం! మీ సముద్రం ఎర్రగా ఉంటుందా?" అని జవాబు వచ్చింది. వానాకాలంలో అంతే అని రాశాను.

తెల్లారి లేచేసరికి ఇంటి ముందు డప్పుల మోత. పేపర్లో నేను! 'జంబుపై యువకుడి వినూత్న నిరసన' అని శీర్షిక. కింద, 'ప్రత్యేక రాష్ట్రం ప్రకటించేంత వరకు జంబు దిగేది లేదని రవీందర్ హెచ్చరించారు' అని ఉంది. నేను హెచ్చరించానట! మా ఇంట్లో నా మాట వినని పిల్లి కూడా ఆ రోజు నన్ను కొంచెం భయంగా చూసింది.

ఉద్యమ కమిటీ పెద్ద యాదగిరన్న నా మెడలో దండ వేసి, అందరినీ మా పొలానికి నడిపించాడు. "తమ్మీ, ఎన్ని రోజులు నిలవడ్తవో చెప్పు, గట్టు మీద టెంటు ఏపిస్త."

"అన్నా, గది అసలు..." అని మొదలుపెట్టాను.

ఇంతలో ఒక పెద్దవ్వ నా చెయ్యి పట్టుకుంది. "మా మనుమడు గూడ జేల్ల ఉన్నడు బిడ్డా. నిన్ను చూస్తే పాణం నిమ్మలమైంది."

నాకు చాలా సిగ్గేసింది. రాష్ట్రం నాకూ కావాలి. అందరిలాగే నేనూ ఊరేగింపుల్లో నడిచాను. కానీ ఆ పొద్దు నా ఒంటి మీద బురద పడింది రాష్ట్రం కోసం కాదు. ఆ మాట ఆ అవ్వ ముఖం చూసి చెప్పలేకపోయాను.

అప్పుడే మోటార్‌సైకిల్ మీద హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. "రవీందరంటే ఎవలు?"

అంతే, జనమంతా నాకు అడ్డంగా నిలబడ్డారు. "మా పిలగాన్ని ముట్టుకుంటే ఊకోం!" అని యాదగిరన్న రొమ్ము విరిచాడు.

"నేను పట్టుకపోను రాలేదన్నా. ఆ పిలగాడు పాస్‌పోర్టుకు పెట్టుకున్నడు. ఎంక్వైరీకొచ్చిన."

డప్పులు ఆగిపోయాయి. తలలన్నీ నా వైపు తిరిగాయి.

"రాష్ట్రం వచ్చేదాక జంబు దిగనంటివి, దేశమే దాటుతున్నవా తమ్మీ?" అన్నాడు యాదగిరన్న.

ఊరికి ఊరేగింపు, నాకు పాస్‌పోర్టు సంకటం. హెడ్ కానిస్టేబుల్ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "చూడు తమ్మీ, గిది నిరసనైతే నేను రాయాలె. రాస్తే నీ పాస్‌పోర్టు ఆగుతది. కాదంటే కాదని చెప్పు."

కాదంటే ఊళ్లో తల ఎత్తుకోలేను. అవునంటే విమానం ఎక్కలేను. అప్పుడు మా బాపు గట్టు మీదున్న మనిషి మడిలోకి దిగాడు.

"సారూ, నిరసన లేదు, గిరసన లేదు. మావోడు జంబు కొట్టుడు నేర్చుకుంటుండు. సదువుకున్నోడు, రాదు."

జనం గొల్లుమన్నారు. అవ్వ కూడా నవ్వింది. కొడుకు పరువు తీసి కొడుకును కాపాడిన తండ్రిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను.

"అట్లయితే కొట్టమను, చూస్త" అని హెడ్ కానిస్టేబుల్ అవతలి గట్టు మీద నిలబడ్డాడు.

జంబు ఎక్కాను. బాపు పగ్గాలు నా చేతికిచ్చి, "మోకాళ్లు వంచు, ముంగటికి చూడు, ఎద్దునేమనకు" అన్నాడు. ఎద్దులు మెల్లగా కదిలాయి. ఎవరికి ఉత్సాహం ఆగలేదో ఏమో, డప్పు మీద గట్టిగా ఒక దెబ్బ వేశారు.

కర్రెద్దు బెదిరింది. దాన్ని చూసి రెండోది బెదిరింది. రెండూ తోకలెత్తి ఉరికాయి. చిత్రమేమిటంటే, నేను పడలేదు! నీళ్లు రెండు పక్కలా రెక్కల్లా లేస్తున్నాయి, గాలి చెవుల్లో హోరుమంటోంది, నేను నిలబడే ఉన్నాను. పోర్చుగల్ అంటే ఇదేనేమో అనిపించింది. గట్టు మీద జనం "జై తెలంగాణ!" అని ఒక్కసారిగా అరిచారు. ఆ కేక వింటే నాకు ఎప్పుడూ ఒళ్లు జలదరిస్తుంది. పిడికిలెత్తి, వాళ్లందరికంటే గట్టిగా నేనూ అరిచాను.

"జై తెలంగాణ!"

నన్నెవరూ అరవమనలేదు. నోరు ఊరుకుంటే ఊరు దాటేవాణ్ణి. గట్టు రాగానే ఎద్దులు ఆగాయి. జంబు ఆగింది. నేను మాత్రం ఆగలేదు. నేరుగా పోయి హెడ్ కానిస్టేబుల్‌ను కౌగిలించుకున్నాను. ఇద్దరం కలిసి పక్క మడిలో పడ్డాం.

అందరూ గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆయన లేచి కూర్చున్నాడు. టోపీ నుంచి బూట్ల దాకా బురదే. చేత్తో ముఖం తుడుచుకుంటే ఇంకాస్త అంటింది.

"గిప్పుడు అరిచిందెవలు?"

జనమంతా ఎద్దుల వైపు చూశారు.

"నాకైతే కండ్లల్ల బురద వడ్డది, నేనేం చూడలే" అన్నాడాయన. వేలితో చెవి తిప్పుకుంటూ, "చెవులల్ల గూడ వడ్డది" అన్నాడు.

బాపు ఆయన్ను పొలం నీళ్ల మోటారు దగ్గరికి తీసుకుపోయి నీళ్లు పోశాడు. "మా ఊరు కురవి, మన జిల్లనే. మా ఇంట్ల గూడ ఉద్యమంల ఉన్నోళ్లున్నరు" అని ఆయన ముఖం కడుక్కుంటూ అన్నాడు. పోయేముందు యాదగిరన్న నా భుజం తట్టాడు. "పోయిరా తమ్మీ. గక్కడ ఏ రాష్ట్రమని అడిగితే మాత్రం నోరు దాచుకోకు."

పాస్‌పోర్టు వచ్చింది! అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టింది. బట్టలు సర్దుకుని పావ్లో ఫోన్ కోసం కూర్చున్నాను.

ఈలోపు నా పక్క బల్లవాడు ఊరుకుంటాడా? పేపర్లో వచ్చిన అసలు ఫొటోను, కొమ్ములతో, తోకలతో, బాపు బీడీతో సహా పావ్లోకు పంపాడు. నా బండారం బయటపడి ఆ ప్రయాణం తనదవుతుందని వాడి ఆశ. ఫోన్ మోగింది. ఎత్తాను.

"రవీందర్! ఇది ఎద్దులతోనా? నిజం ఎద్దులా?" పావ్లో అరుస్తున్నాడు. "మా ఊరంతా చూశారు. సముద్రం ఎక్కడికి పోతుంది, ఇక్కడే ఉంటుంది. మీరెవరూ రావద్దు, మేమే వస్తున్నాం!"

వచ్చారు. నా ప్రయాణానికి పెట్టుకున్న ఖర్చుతోనే, సరిగ్గా యాసంగి, అంటే రెండో పంట, నాట్ల సమయానికి, పావ్లో, అతని దోస్తులు రంగురంగుల నిక్కర్లు వేసుకుని మా మడిలో దిగారు. పొద్దంతా ఎక్కారు, పొద్దంతా పడ్డారు, పడ్డ ప్రతిసారీ నవ్వారు. సాయంత్రానికి మా పొలమంతా అద్దంలా చదునైంది. బాపు గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించి, "మంచోళ్లురా. రేపు మీ చిన్నాయిన మడి గూడ ఉన్నదని చెప్పు" అన్నాడు.

నా పాస్‌పోర్టు గడువు తీరేదాకా ఒక్క ముద్ర కూడా పడకుండా బీరువాలో హాయిగా నిద్రపోయింది.

పావ్లో వాళ్లు మడి చదును చేసిన ఆ సాయంత్రమే మోకాళ్ల లోతు బురదలో నిలబడి, కర్రెద్దు సాక్షిగా, తూర్పుకు తిరిగి ప్రతిజ్ఞ చేశాను: నాకు రానిది వచ్చని ఈ జన్మలో చెప్పను. వచ్చింది కూడా రాదనే చెబుతాను. నాటు పెట్టే కాలంలో అయితే, బాపు చుట్టుపక్కల ఉండగా, ఎవరేమడిగినా అసలు నోరే తెరవను.