తడి గోనెలో ఇరవై గింజలు

నాలుగు రోజుల కిందట మా విత్తనాల కంపెనీ గోదాములో కుర్చీలు వేసి, ఒక పెద్దమనిషి చేత వ్యాపార నీతి మీద పాఠం చెప్పించారు. రాసుకున్న రూళ్లకు పైన, ఎవరూ రాయని న్యాయం ఒకటి మనిషికి పుట్టుకతోనే తెలుస్తుందని ఆ పెద్దమనిషి అంటుండగా, వానకు తడిసిన గోనెల వాసన వచ్చింది. ఆ న్యాయం నాకు తొమ్మిదేళ్లకే తెలుసు. తెలిసినందుకు దెబ్బలు కూడా తిన్నాను.

కదిరిలో మా నాయనది విత్తన వేరుశనగ అంగడి. గాలి ఎర్రదుమ్మును గడప లోపలికి తోసే రోజుల్లో, అవ్వ బెల్లప్పాకంలో పప్పులు కలిపి ఉండలు చుడుతుంటే, రైతులు తమ చేత్తోనే ఇరవై గింజలు ఏరి, తడి గోనెలో చుట్టి మా ఇంట్లో పెట్టిపోయేవాళ్లు. నాలుగో రోజు మొలకలు చూసుకుని విత్తనం కొనేవాళ్లు. ఆ గోనెల మీద పూటపూటా నీళ్లు చిలకరించడం నా పని.

ముందేటి కరువులో సొంత విత్తనం కూడా తినేసిన నారాయణప్ప మామ ఒక ఏడు అలాగే గోనె చుట్టిపోయాడు. మూడో రోజుకు ఆరే మొలిచాయి. పాత సరుకు. నాయన వాటిని తీసేసి, వేరే మూటలో మొలిచిన గింజలు తెచ్చి ఆ గోనెలో పెట్టడం చూశాను.

మరునాడు మామ మొలకలు చూసుకోను రాగానే చెప్పేశాను. "మామా, ఇవి నువ్వు ఏరిన గింజలు కావు. నాయన మార్చినాడు."

మామ పగలబడి నవ్వాడు. "ఏమప్పా, నీ కూతురు నీ అంగడికి బీగం ఏసేటట్టుండాదే!"

నాయనా నవ్వాడు. విత్తనం మూటలతో మామ బండి కదిలాక నా చెంప పగిలింది. "మార్చగూడదని యాడన్నా రాసుండాదా?" అన్నాడు. అవ్వ ఉండల మీంచి తల ఎత్తలేదు.

ఆ ఏడు ఒకే వాన. ఆ పదునులోనే మామ విత్తాడు. చేనంతా అక్కడొకటి, ఇక్కడొకటి మొలిచాయి. ఎద్దులను అమ్మేసి బెంగళూరు బస్సెక్కేముందు అంగడి దగ్గర ఆగాడు. నాయన ఎదురుగానే ఉన్నా నన్నే నీళ్లడిగి, తాగి, పోయాడు. నీ మాట నిజమే పాపా అని మాత్రం అనలేదు. ఆ రోజు మామ నవ్విన నవ్వును నేనింకా క్షమించలేదు. అవ్వ వంచిన తలనూ మరిచిపోలేదు.

పోయిన నెల పాత సరుకు మీద కొత్త తేదీ చీటీలు వేయమంటే సంతకం పెట్టనన్నాను. "మన రూల్సులో యాడుండాదక్కా?" అన్నాడు మేనేజరు, అచ్చం నాయన గొంతుతో. నన్ను గోదాముకు తోసేశారు.

ఇప్పుడు కదిరిలో గోనె తడిపే అంగడి లేదు. రైతు ప్యాకెట్టు మీద తేదీ చదువుకుని కొంటాడు. పాఠం అయిపోయాక కంపెనీ పాత సరుకులోంచి ఇరవై గింజలు తెచ్చి మా ఇంట్లో చుట్టిపెట్టాను. ఈ పొద్దు విప్పాను. ఏడు మొలిచాయి. చూసుకోవడానికి ఎవరూ రాలేదు.