గుర్రమెక్కిన లత్తాంజియో

ఫ్లారెన్సులో అచ్చుబొమ్మల అంగడి తలుపు తీయకముందే లత్తాంజియో దొర అక్కడ తయారు. మోకాళ్ల దగ్గర అరిగిన మఖమలు లాగు, టోపీకి విరిగి వేలాడే తెల్ల ఈక. రాగిరేకు మీద గీసి అచ్చేసిన తిరనాళ్ల బొమ్మ ఒకటి అంగడి గోడకు వేలాడుతుంటుంది. అందులో గుడారాలు, గారడీవాళ్లు, తాడు మీద నడిచే పిల్ల, గోరంతేసి జనం. దారినపోయేవాళ్లను ఆపి, అందులో గుర్రమెక్కినవాడి మీద వేలు పెడతాడు. "ఇది నేనే. గీసినవాడు కాళ్లావేళ్లా పడితే ఒప్పుకున్నా." ఆ తిరనాళ్లలోనే తన డబ్బుసంచీ మఠానికి దానం చేశానని, ఎవరూ అడక్కపోయినా, చెబుతాడు. ఆయనకు గుర్రం కాదు గదా, గాడిద కూడా లేదని వీధంతటికీ తెలుసు.

నిన్న పేగులకూర అమ్మే తెక్లా గరిటెతోనే వచ్చి, బొమ్మలోకి కళ్లు చికిలించి చూసింది. "గుర్రమ్మీదాయన టోపీకి ఈకేదయ్యా? ఇదిగో, తమరు ఇక్కడున్నారు! విరిగిన ఈక, తెరిచిన నోరు, చూపేమో తాడు మీది పిల్ల మీద. మరి వెనకాల తమరి సంచీ కోస్తున్నాడు, వీడెవడండీ? మఠం సన్యాసా?" జనం పగలబడి నవ్వారు. దొర ఇంటికెళ్లిపోయాడు. ఈవేళ ఈక పీకేసిన టోపీతో మళ్లీ వచ్చాడు. దారినపోయే ఒకణ్ణి ఆపి, ఆ నోరు తెరిచిన మనిషి మీద వేలు పెట్టి, "వీడు మా బావమరిది. చిన్నప్పట్నుంచీ ఇంతే, వట్టి వెర్రివెధవ," అన్నాడు.