గొట్టం తప్పిస్తుందనుకున్న పరీక్ష

చిత్తూరు మామిడి మండీలో దళారీగా బతికినవాణ్ని. ఉన్నదానికి పావలా కలిపి చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. తిరుపతి డాక్టర్లు నా మూత్రం కోసం కబురు మీద కబురు పెట్టారని నేనెక్కడైనా చెప్పి ఉంటే నమ్మకండి. నేనే పోయి బతిమాలుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మూత్రంలో నెత్తురు పడింది. మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ అన్నారు, గీకి తీసేశారు. దానికి మళ్లీ మొలిచే గుణం ఉందట. అందుకని మూడు నెలలకోసారి తిరుపతి పోవడం, మూత్రం వచ్చే దారిలో దుర్భిణీ గొట్టం వేయించుకోవడం. ఆ గొట్టం బోరుబావి పైపంత ఉంటుందని ఊరంతా చెప్పాను. పెన్సిలంత కూడా ఉండదు. నొప్పీ ఓర్చుకోలేనిదేం కాదు. తెల్లారుజామున బస్సు, చీటీ, బెంచీ, మనవరాళ్ల ఈడు పిల్లల ముందు కాళ్లెత్తుకుని పడుకోవడం... వాటితోనే విసిగిపోయాను.

ఒకసారి డాక్టరు కొత్త పరీక్ష వచ్చిందన్నాడు. మూత్రాశయం గోడ నుంచి కణాలు రాలి మూత్రంలో కలుస్తుంటాయట. క్యాన్సర్ కణాలుంటే ఒక రకం ప్రోటీన్ ఎక్కువగా విడుస్తాయట. ఆ గుర్తును మూత్రంలోనే పట్టుకోవచ్చట. కాయ కోయకుండా టెంకలో పురుగుందో లేదో చెప్పడమన్నమాట! మండీలో ఎవరికీ చేతకాని విద్య.

"అయితే ఇంక గొట్టం అక్కర్లేదు కదా సార్?"

"చూద్దాం" అన్నాడు. అదే చాలనుకుని, ఆ పరీక్ష నాకూ చేయమని బతిమాలుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున్నే మా ఆవిడ చెంబుతో బార్లీ నీళ్లు పట్టుకుని నిలబడింది. "అంత పచ్చగా ఇస్తే ఆడ నలుగురూ ఏమనుకుంటారు? ఇంట్లో ఆడది గుక్కెడు నీళ్లు గూడా ఇయ్యదనుకోరూ? తాగు!" తర్వాత మజ్జిగ, ఆపైన టెంకాయ నీళ్లు. చంద్రగిరి దగ్గర బస్సాపమని కండక్టరు కాళ్లు పట్టుకున్నాను. లేదు, కేకలేశాను.

ల్యాబులో అమ్మాయి డబ్బాను వెలుతురుకెత్తి చూసింది. "ఏం పెద్దాయనా, ఇది మూత్రమా, కొళాయి నీళ్లా?"

"మా చిత్తూర్లో కొళాయికి ఇంత తేట నీళ్లు యాడొస్తాయమ్మా? శానా కష్టపడి తెచ్చినా."

నవ్వింది, నేనూ నవ్వాను. "ఇన్నేసి నీళ్లు తాగితే మేం వెతికేది పలచబడిపోతాది. ఉన్నా దొరకదు. ఇంకోరోజు మామూలుగా రాండి."

ఉన్నా దొరకదన్న మాట దగ్గర నా నవ్వు ఆగిపోయింది. గొట్టం గొడవలో పడి, లోపల అది మళ్లీ మొలిచిందేమోనని ఆలోచించనే లేదు. అదీ అబద్ధమే. ఆ ఆలోచన రాకుండా ఉండడానికే ఆ గొడవంతా.

మళ్లీ పోయి మామూలుగా ఇచ్చాను. కొన్నాళ్లకు డాక్టరు పిలిచి, గుర్తు దొరకలేదన్నాడు. "అయితే వస్తా సార్" అని లేచాను.

"కూర్చోండి. చిన్న గడ్డయితే ఈ పరీక్షకు చిక్కకపోవచ్చు. మూత్రంలో చీమున్నా, రాయున్నా లేనిది ఉన్నట్టు చెప్పొచ్చు. దీన్నొక్కదాన్నే నమ్మి మిమ్మల్ని వదల్లేను. గొట్టం వేసి చూద్దాం."

"మరి ఈ పరీక్ష దేనికి సార్?"

"దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో తెలియాలి కదా. రెండూ చేసి పోల్చుకోవాలి."

పరీక్ష నాకే కాదు, దానికీ జరుగుతోందన్నమాట. పోట్లాడే ఓపిక లేక పోయి పడుకున్నాను. కాసేపటికి ఆయన, "గోడంతా శుభ్రంగా ఉంది. మూడు నెలలకు రండి" అన్నాడు.

బస్సులో ఒక కథ కట్టుకుంటూ వచ్చాను. డాక్టర్లంతా నా చుట్టూ మూగి, ఈయన్ని గొట్టం దగ్గరికి పంపడానికి వీల్లేదని... పాకాల దాటాక అదీ సాగలేదు. ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. ఆవిడ వాకిట్లోనే ఉంది.

"పైపు తప్పలేదు" అన్నాను చెప్పులు విడుస్తూ.

"పైపు సంగతి ఎవురడిగినారు నిన్ను? ఉండాదా, లేదా?"

"లేదంట."

ఉన్నచోటే గడప మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ పక్కనే నేనూ కూర్చున్నాను.

"మూడు నెల్లకు మళ్లా రమ్మన్నారు" అన్నాను.

"పోదాం లే" అంది.