గొట్టం పొడుగు చట్టం

పొగని అదుపులో పెట్టడానికి సర్కారు చట్టం చేసిందన్న సంగతి మా ఊరికి ఎనభైల్లో తెలిసింది. దాంతో గాలి బాగుపడిందని చెప్పేవాళ్ళున్నారు. నన్నడిగితే, ఆ చట్టం సంగతి గాలికి ఇప్పటికీ తెలియదు.

మాది గురజాల పక్క. సున్నపురాయికి కొదవలేని నేల. నా మిరప కళ్ళానికి పడమటగా ఒకాయన సున్నం బట్టీ పెట్టాడు. వరసకి బావ. పల్నాట్లో ఎవడైనా ఏదో ఒక వరస అవుతాడు, అది పనికొచ్చేది తిట్టుకోడానికే. బట్టీకి పైన కప్పు లేదు. బొగ్గు పొగా, సున్నపు దుమ్మూ కలిసి నేరుగా నా కాయ మీద దిగేవి. మంచు తడికి ఆ దుమ్ము అంటుకుని, ఎర్రగా ఎండాల్సిన కాయ తెల్లబారి తాలయ్యేది. గుంటూరు యార్డులో తాలుకాయ మొహం ఎవడూ చూడడు. ఏడాది కష్టం ఆ కళ్ళంలోనే పోయేది.

వంద మంది రైతుల్ని వెంటేసుకుని గుంటూరు పోయి ఆ చట్టం చూసే ఆఫీసరుని నిలదీశాను. అంటే, ముగ్గురం పోయాం. ఒకాయన సినిమా చూసొస్తానని బస్టాండులోనే తప్పుకున్నాడు. నిలదీయడం కూడా కాదు, వరండాలో బల్ల మీద కూర్చుని, పిలిచినప్పుడు లేచి దండం పెట్టాం.

ఆఫీసరు జీపులో వచ్చాడు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని బట్టీ చుట్టూ తిరిగాడు. నా కాయ చేతిలో పెట్టబోతే, ప్యాంటుకి అంటుతుందని వెనక్కి జరిగాడు. బావకి మాత్రం గట్టిగానే చెప్పాడు: పొగగొట్టం కట్టాల్సిందే, చట్టం చెప్పినంత ఎత్తు ఉండాల్సిందే.

"పొగ తగ్గించమని లేదాండీ చట్టంలో?" అన్నాను.

"పైకి పోయింతర్వాత ఇంక పొగెక్కడిదయ్యా," అన్నాడు.

చదువుకున్నవాడి మాట కదా అని నమ్మాను. కాదులే, నాక్కావాల్సిన మాట కాబట్టి నమ్మాను.

మరుసటేడు కాయ కళ్ళాలకెక్కే వేళకి గొట్టం లేచింది. సాగర్ డ్యాం మీద నిలబడితే కనపడేదని చెబుతుంటాను. మా వీధి చివర్నించే కనపడదు, వేపచెట్టు అడ్డం. ఏదైతేనేం, ఆఫీసరు వచ్చి ఎత్తు కొలిపించి, చట్టం నెగ్గిందన్న మొహంతో కాఫీ తాగి వెళ్ళాడు. బట్టీలో మాత్రం మునుపటి బొగ్గే. గొట్టానికైన ఖర్చు రాబట్టుకోవాలిగా అని బావ రెండో బట్టీ కట్టి, దాని పొగ కూడా అందులోకే మళ్ళించాడు. అదంతా నా నెత్తి మీంచి దర్జాగా పోతుంటే కాలు మీద కాలేసుకుని చూశాను. కింద నా కాయ నిగనిగలాడుతోంది.

వారం తిరక్కుండా మా మామగారు వచ్చారు. వాళ్ళది మాకు తూర్పున పక్కూరు. మంచినీళ్ళన్నా ముట్టకుండా తుండుగుడ్డ విప్పి అరుగు మీద గుమ్మరించారు. తెల్లబారిన కాయ.

"ఆ గొట్టం పెట్టించింది ఎవరు అల్లుడూ?"

"గవర్నమెంటు మావా."

"మా ఊళ్ళో నీ పేరు చెబుతున్నారే."

గుమ్మంలోంచి మా ఆవిడ, "అంత తెలివి ఇంకెవరికి ఉంటుందిలే నాన్నా," అంది.

మళ్ళీ గుంటూరు పోదామన్నాను. ఆయన అప్పటికే పోయొచ్చారట. గొట్టం ఉండాల్సిన ఎత్తే ఉంది, కావాలంటే ఇంకాస్త పెంచమని అర్జీ పెట్టుకోమన్నారట. పెంచితే పొగ ఆ పైవూళ్ళో పడుతుంది. వాళ్ళూ అర్జీ పెడతారు. అట్టా ఊరూరా పెంచుకుంటూ పోతే సముద్రం దాకా పోవచ్చు. చేపలు మిరప వేయవు కాబట్టి అక్కడ చట్టం పూర్తిగా అమలవుతుంది.

"మా కాయ బండ్లు వెనకాల వస్తున్నాయి," అన్నారు మామగారు. "సగం కళ్ళం ఖాళీ చెయ్యి."

నా కాయని ఓ పక్కకి ఎగదోశాను. తడారని కాయ కుప్పపడితే బూజు పడుతుంది. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

ఆ ఏడు నా కాయ సగం బూజుకి పోయిందని చెబుతుంటాను. సగం కాదు, ఏవో కొద్ది బస్తాలు. చట్టం లెక్కలో మాత్రం, అందులో ఒక్క కాయ కూడా పొగ వల్ల పోలేదు.