గట్టు లేని పూలమడి

పొద్దున పెరట్లో పార వేయగానే తడి బంకమట్టి వాసన గుప్పుమంది. మల్లెల వాసనకు మనుషులు గుర్తొచ్చే అదృష్టవంతులు ఉంటారు. నాకు మా మేనత్త ఈ మట్టివాసనకే గుర్తొస్తుంది. చలి తగ్గి, ఎండ ఇంకా ముదరని ఈ రోజుల్లో కొత్తగా పూలమడి తవ్వుతున్నప్పుడు మరీను. ఎస్తేరత్త మా నాన్నకు అక్క. ఊళ్లో ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉండేది. అక్క ఒకటి అనుకుంటే గోదావరి అయినా పక్కకు తప్పుకోవలసిందేనని నాన్న నవ్వేవారు.

ఆ నాన్న, నేను డిగ్రీ చదువుతుండగా, క్రిస్మస్ వెళ్లిన కొద్ది రోజులకే పోయారు. మా ఊరి లూథరన్ కుటుంబాలవాళ్లం ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దొడ్డికి వెళ్తాం. సమాధులకు ముందే సున్నం వేసి ఉంచుతారు. ఆ వేళ పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. పోయినవాళ్లకు అది మొదటి ఈస్టర్ అయితే పూలు మరీ నిండుగా ఉండాలి. నాన్నకు బంతిపూలంటే ప్రాణం. పెరట్లో వేస్తానని ఏటా అనేవారు, ఏటా చేలో పనే సరిపోయేది. ఈస్టర్ ముందు వచ్చే శ్రమదినాలు మొదలవుతుండగా అత్త తేల్చి చెప్పింది.

"ఈసారి వాడికి మన పెరట్లో పూలే పెట్టాలి."

"కడియం పూలసంతకు వెళ్తే బుట్టలకొద్దీ దొరుకుతాయి కదత్తా?"

"కొన్న పూలు వాడు ఎప్పుడడిగాడే?"

పెరడంటే గడ్డిమేటు తీసేసిన చోటే. వానకు నీళ్లు నిలిచి, ఎండకు నెర్రెలిచ్చే నేల. పక్కింటి సత్యంగారు కంచె మీదుగా చూసి, "ఈ బంకలో పార దిగదండి టీచరుగారూ" అన్నారు. "దిగేదాకా వేస్తామండి" అంది అత్త. అమ్మ పెరటి అరుగు మీద కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉండేది. నాన్న పోయినప్పటినుంచి ఆవిడ ఇల్లు కదల్లేదు, అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

తవ్వాం, పశువుల ఎరువు కలిపాం. ఆ తర్వాత చేసింది మాత్రం మాలాంటివాళ్లే చేయగల తప్పు. తాతల నాటి నుంచి వరి చేసిన ఇల్లు మాది. మడి అనగానే చేతులు వాటంతటవే చుట్టూ గట్టు వేసేశాయి. నేల అద్దంలా చదును చేసి, గట్టు నున్నగా మెత్తి, బంతినారు నాటి, నిండా నీళ్లు పెట్టాం. ఆ వరసలు చూసి తెగ మురిసిపోయాను కూడా. కొన్నాళ్లకే నారు తలలు వాల్చేసింది. వాడిపోతోంది కాబోలని ఇంకా నీళ్లు పోశాం. చివరికి అత్త ఒక మొక్క పీకి, వేరు వాసన చూసింది. కుళ్లిపోయింది.

"బంతికి వరి మర్యాదలు చేశామే. ఊపిరాడక చచ్చిపోయింది" అంది.

అని ఆ బురదలోనే చతికిలబడి ఏడ్చింది. నాన్న పెట్టెను గోతిలోకి దించినప్పుడు కూడా అత్త ఏడవడం నేను చూడలేదు. నాకు భయం వేసింది, దుఃఖం కూడా వచ్చింది. కాసేపటికి చెంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"పార తే."

"ఇప్పుడు వేస్తే ఈస్టర్‌కి అందవత్తా!"

"అందుతాయో లేదో తర్వాత చూద్దాం. ముందు ఈ గట్టు తియ్యి."

గట్టు పగలగొట్టి, మట్టిని మధ్యకు ఎగదోశాం. ఇసుక, మిల్లు దగ్గర ఊక తెచ్చి కలిపి ఎత్తుగా మడి కట్టి, నీరు జారిపోయేలా పక్కన కాలువ తీశాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఇక చాలదా, సగమే చేద్దామన్నాను. "మీ నాన్నేమైనా సగం మనిషా?" అని కసిరింది. మళ్లీ నారు తెచ్చి నాటాం. ఈసారి నిలబడింది.

కానీ పండగనాటికి అన్నీ బిగుసుకున్న పచ్చి మొగ్గలే. ముందురోజు సాయంత్రం, పోనీ కడియం వెళ్లొస్తానన్నాను. అత్త వినిపించుకోలేదు. మొక్కలను మట్టిగడ్డలతో సహా పెళ్లగించి గంపల్లో సర్దింది. తెల్లవారుజామున అమ్మను చెయ్యి పట్టుకుని బయల్దేరదీసింది. దొడ్డినిండా బంతులు, చామంతులు, గులాబీలు. మా నాన్న దగ్గర మాత్రం ఆకుపచ్చటి మొక్కలు. నాకు తలకొట్టేసినట్టయింది. ఎవరో అడగనే అడిగారు, "పూలు తేలేదేంటండి టీచరుగారూ?"

"వస్తున్నాయండి" అంది అత్త, సమాధి చుట్టూ గుంతలు తీస్తూ.

మొక్కలన్నీ నాటాక అమ్మ నోరు విప్పింది. "వీటికి రోజూ నీళ్లెవరు పోస్తారొదినా?"

"నువ్వే" అంది అత్త.

ఆ సాయంత్రం నుంచి అమ్మ బిందె పట్టుకుని వెళ్లడం మొదలుపెట్టింది. తక్కిన సమాధుల మీద పూలు ఎండి గాలికి పోయాక, నాన్న చుట్టూ మా బంతులు పసుపుపచ్చగా విచ్చుకున్నాయి. ఆ వేళ అమ్మ ఇంటికొచ్చి, ఎన్ని పూశాయో, ఏవి పెద్దవో, అన్నం తింటూ చెబుతూనే ఉంది. అత్త ఇంకాస్త పప్పు వడ్డించింది. అమ్మను బయటికి తీసుకురావాలని ముందే అనుకుందా అని తర్వాతెప్పుడో అడిగాను. "పని చూసుకో" అంది.

పోయిన వానాకాలంలో అత్త కూడా వెళ్లిపోయింది. ఈ ఈస్టర్ ఆవిడకు మొదటిది. నాన్న దగ్గర పూసిన ఆ బంతుల నుంచి ఏటేటా దాచుకుంటూ వచ్చిన విత్తనాలే పోసి నారు పెంచాను. ఇందాక నేల చదును చేస్తుంటే నా చేతులు మళ్లీ గట్టు వేయబోయాయి. నవ్వొచ్చింది, వెంటనే కళ్లు చెమర్చాయి. గట్టు చెరిపేసి మట్టి మధ్యకు ఎగదోస్తుంటే సత్యంగారు కంచె దగ్గరికొచ్చారు. ముసలివారైపోయారు.

"పండక్కి పూస్తాయంటావా అమ్మా?"

"పూయకపోతే మొక్కలే పట్టుకెళ్తానండి బాబాయ్‌గారూ" అన్నాను.